వైద్యకళాశాలలో స్థానము: పరీక్షకు ముందును పిమ్మటను

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన కొలది దినములకే ప్రతి సంవత్సరమును మాయొద్దకు కొందఱు పూర్వవిద్యార్థుల తలిదండ్రులు వచ్చుచుందురు. అప్పటికి తోటలలో రసముల కోత తుదిముట్టి, మామిడి లారీల రాకపోకలు తగ్గి, మన నూజివీడు కొంత నెమ్మదించియుండును. వారి చేతిలో వైద్యప్రవేశపరీక్ష ఫలితపు కాగిత మొకటి యుండును. "మాస్టారూ, మా అమ్మాయి పరీక్ష గట్టెక్కిందండీ. ఇక సీటు ఎలా వస్తుందో మీరే చెప్పాలి" అని యడుగుదురు. ప్రశ్న మంచిదే. కాని యది ఆ దినమున గాక, ఆ బిడ్డ మన పాఠశాలలో ఆఱవ తరగతిలో చేరిన దినముననే అడుగవలసిన ప్రశ్న యని మేము కొన్ని యేండ్ల యనుభవముచే తెలిసికొంటిమి.

ఏలయన, వైద్యకళాశాలలో స్థానము మూడింటివలన లభించును. మొదటిది పరీక్షలో వచ్చిన మార్కులు. రెండవది చేతనున్న పత్రములు. మూడవది కళాశాలలను కోరుకొనిన వరుస. మొదటిదానికై తలిదండ్రులు తోటను తాకట్టు పెట్టియైనను లక్షలు వెచ్చించుచున్నారు. తక్కిన రెంటికి రొక్కము పనిలేదు. శ్రద్ధ మాత్రము వలయును. అయినను మంచి ర్యాంకు తెచ్చుకొనిన పిల్లలు దెబ్బతినుట మేము చూచినది ఈ రెంటియందే. కావున వానిని గుఱించి విశదముగ వ్రాయ బూనితిమి.

మన ప్రాంతపు పిల్లలు వైద్యవిద్యకై మదరాసు వెళ్లవలసిన కాల మొకప్పు డుండెను. 1923లో విశాఖపట్టణమునను, 1946లో గుంటూరునను, 1958లో కాకినాడలోను, 1980లో విజయవాడలోను కళాశాలలు వెలసినవి. 2023 సెప్టెంబరులో మనకు సమీపమైన ఏలూరునందును, మచిలీపట్టణమందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ఒక్కొక్కటి 150 స్థానములతో ప్రారంభమైనవి. 2016 వరకు మన రాష్ట్రమువారు ఎంసెట్ పరీక్షద్వారా విద్యార్థుల నెన్నుకొనుచుండిరి. 2017 నుండి దేశమంతటికి ఒక్కటియైన నీట్ పరీక్షయే ఆధార మయ్యెను. కళాశాలలు దగ్గఱకు వచ్చినవి గాని, వాని ద్వారము చేరు త్రోవ మాత్రము మునుపటికంటె పొడవైనది.

పరీక్ష స్వరూపము ముందుగా చెప్పుదుము. 2025లో జరిగిన పరీక్షయందు 180 ప్రశ్నలు, 180 నిమిషములు, మొత్తము 720 మార్కులు. భౌతికశాస్త్రమున 45, రసాయనశాస్త్రమున 45, జీవశాస్త్రమున 90 ప్రశ్న లుండెను. అనగా సగము మార్కులు జీవశాస్త్రమునవే. సరియైన ప్రత్యుత్తరమునకు 4 మార్కులు వచ్చును. తప్పునకు ఒక మార్కు పోవును. విడిచిన ప్రశ్నకు లాభనష్టములు లేవు. కావున తెలియని ప్రశ్నకు గ్రుడ్డిగా గురిపెట్టుట జూదమే. ప్రశ్నపత్రమును తెలుగునందును కోరుకొనవచ్చును. అయితే అనువాదమున సందేహము వచ్చినచో ఆంగ్లప్రతియే ప్రమాణము. అందుచేత తెలుగు మాధ్యమమున చదివినవారు శాస్త్రపదములను రెండు భాషలలోను నేర్చుకొనుట మేలు.

2023, 2024, 2025 సంవత్సరములలో ఈ పరీక్ష మే నెల మొదటి ఆదివారమున జరిగెను. మన ప్రాంతమున అది మామిడి కోతలు ముమ్మరముగ సాగు కాలము. ఇంటిల్లిపాదియు తోటలో నుండు ఆ దినములలో చదువుకొను బిడ్డకు ఒక గదియు, నిద్రకు ఒక వేళయు దొరకునట్లు పెద్దలు చూడవలెను. పరీక్ష మధ్యాహ్నము 2 గంటలకు ఆరంభమైనను, ద్వారము 1 గంట 30 నిమిషములకే మూయుదురు. పూర్తిచేతుల చొక్కాలు, బూట్లు, గొలుసులు, గడియారములు మొదలగునవి లోనికి రానీయరు. మెడలోని సిలువగొలుసును ఇంటివద్దనే తీసియుంచినచో ద్వారమువద్ద కన్నీరు పెట్టుకొనవలసిన పని యుండదు.

ఇక అర్హతకును స్థానమునకును గల భేదము. 2025లో సుమారు 22 లక్షలమంది పరీక్ష వ్రాయగా సుమారు 12 లక్షల 36 వేలమంది అర్హులైరి. దేశములో ఎం.బి.బి.ఎస్. స్థానములు లక్షకు కొంచెము పైబడియుండెను. ఆ యేట రిజర్వేషను లేనివారికి అర్హతమార్కు 720కి 144. కాని 144 మార్కులతో ప్రభుత్వకళాశాలలో స్థానము వచ్చునని యెవ్వరును తలంపరాదు. అర్హత యనగా వరుసలో నిలుచుటకు అనుజ్ఞ మాత్రమే. ఈ భేద మెఱుగక వీధిలో మిఠాయిలు పంచి, రెండు నెలల పిమ్మట తల వంచుకొనిన యిండ్లు మనకు క్రొత్త కావు. బిడ్డకు ఆ రెండవ నాటి యవమానము మొదటి నాటి సంతోషముకంటె బరువైనది.

మఱియొక భ్రమ కలదు. పరీక్ష వ్రాసినవారిని ప్రభుత్వమే పిలిచి స్థానమిచ్చునని కొందఱనుకొందురు. అట్లు కాదు. పరీక్షకు చేసిన దరఖాస్తు వేఱు, కౌన్సెలింగునకు చేయవలసిన దరఖాస్తు వేఱు. ఆ కౌన్సెలింగునకు రెండు ద్వారములు. మొదటిది ఢిల్లీలోని ఎం.సి.సి. నడుపునది. దేశమందలి ప్రభుత్వకళాశాలలలో నూటికి 15 స్థానములును, మంగళగిరి ఎయిమ్స్ వంటి కేంద్రసంస్థలలోని స్థానములును దీనిద్వారా నింపుదురు. రాజ్యాంగములోని 371-డి అధికరణముచేత మన రాష్ట్రము చాలకాలము ఈ 15 భాగములలో చేరక, 2018లో చేరినది. రెండవ ద్వారము విజయవాడలోని డాక్టరు ఎన్.టి.ఆర్. ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము. 1986లో స్థాపింపబడిన ఈ విశ్వవిద్యాలయము తక్కిన 85 భాగములను, ప్రైవేటు కళాశాలల స్థానములను పంచును. రెండింటికిని వేఱువేఱుగ పేరు నమోదు చేసికొనవలెను. గడువు దినములు కొలదియే. ఒక దినము మీఱినచో మంచి ర్యాంకు గలవాడును గుమ్మమువద్దనే నిలిచిపోవును.

ఇప్పుడు పత్రముల మాట. ఇందు మన పాఠశాలకు నేరుగ సంబంధము కలదు. రాష్ట్ర స్థానములలో నూటికి 85 స్థానికులకు కేటాయింపబడినవి. మన నూజివీడు 2022లో కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాకు మాఱినను, స్థానికతకు సంబంధించినంతవఱకు ఆంధ్రవిశ్వవిద్యాలయ ప్రాంతముననే యున్నది. అర్హతపరీక్షయగు ఇంటర్మీడియెటుతో ముగియునట్లు వరుసగ నాలుగు విద్యాసంవత్సరములు ఈ ప్రాంతమున చదివినవారు స్థానికులు. అనగా తొమ్మిది, పది తరగతులును, ఇంటరు రెండేండ్లును. ఇంటరునకై హైదరాబాదు వెళ్లినవారి విషయమున ఏడేండ్ల చదువును లెక్కించి, అందెక్కువ భాగ మెక్కడ చదివిరో చూతురు. ఆఱునుండి పదివఱకు ఇచ్చట చదివినట్లు ఋజువుచేయు పత్రమే అట్టివారికి ఆధారము. తెలంగాణములో వారికి స్థానికత దొరకదు. అచ్చట తొమ్మిదినుండి ఇంటరువఱకు నాలుగేండ్లు చదివియుండవలెనని 2024లో చేసిన నియమమును సర్వోన్నతన్యాయస్థానము 2025లో సమర్థించినది. కావున పిల్లవానిని పొరుగు రాష్ట్రమునకు పంపుటకు ముందే ఈ లెక్క వేసికొనవలెను.

ఈ సందర్భమున మా తప్పిదమొకటి చెప్పుకొనుట ధర్మము. కొన్ని యేండ్ల క్రిందట, తోటను కౌలుకు చేయు రైతు కూతురొకతె మంచి ర్యాంకు తెచ్చుకొనెను. ఆమెకు స్టడీ సర్టిఫికెటు వ్రాసి యిచ్చినది మేమే. పని తొందరలో ఎనిమిదవ తరగతి సంవత్సరమును రెండుమారులు వ్రాసి, తొమ్మిదవ తరగతి సంవత్సరమును విడిచితిమి. ఇంటిపేరు మా రిజిస్టరులో పూర్తిగ నుండగా, పదవతరగతి పత్రమునందు మొదటి అక్షరము మాత్రమే యుండెను. అదియు మేము పోల్చి చూడమైతిమి. పత్రములను పరిశీలించువారు స్థానికత ఋజువు కాలేదని ఫోనునకు వర్తమానము పంపిరి. సవరించిన పత్రము మఱునాటి సాయంకాలములోగా చేరవలెను. అది రెండవ శనివారము, పాఠశాల మూసియున్నది. ఆ తండ్రి మా యింటి యరుగుమీద కూర్చుండి, "మాస్టారూ, చదివింది అది, చదివించింది నేను. మీ కాగితమే అడ్డం పడిందండీ" అనెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే అది నేటికిని మా చెవిలో నున్నది. ప్రధానోపాధ్యాయులను బ్రతిమాలి, గది తెఱిపించి, రిజిస్టరు ముందుంచుకొని పత్రము తిరిగి వ్రాసితిమి. గడువు ముగియుటకు కొంత ముందుగా అది చేరినది. ఆ యమ్మాయికి స్థానమును దొరికినది. కాని ఒక రాత్రియంతయు ఆ యింట నెవ్వరును నిద్రింపలేదు. దానికి కారకులము మేము. నాటినుండి పదవతరగతి పత్రమును ప్రక్కన పెట్టుకొని అక్షరమక్షరమును చూడనిదే మేము సంతకము చేయుట లేదు.

కావున తలిదండ్రులకు మా విన్నపము. బిడ్డ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేది, తండ్రి పేరు పాఠశాల రిజిస్టరులోను ఆధారు పత్రములోను ఒక్కతీరున నున్నవో లేవో బిడ్డ పదవతరగతికి రాకముందే చూచుకొనుడు. పదవతరగతి పత్రము అచ్చయిన తరువాత దానిని మార్పించుట కష్టము. తక్కిన పత్రములన్నియు దానినే అనుసరించును.

కులధ్రువపత్రమును గుఱించి మన పాఠశాలవారు ప్రత్యేకముగ ఎఱుగవలసినది కలదు. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవమతము స్వీకరించినవారును వారి సంతతియు మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో సి-వర్గమునకు చెందుదురు. ఆ వర్గమునకు నూటికి ఒక్క స్థానమే కలదు. షెడ్యూల్డు కులములకు 15 స్థానములు గలవు. 2025లో వానిని మూడు వర్గములుగ విభజించిరి. ఒకే యింటిలో అన్న కొక పత్రము, చెల్లెలి కొక పత్రము ఉండుట మేము చూచితిమి. ఇందలి న్యాయాన్యాయములను గుఱించి పెద్దలు చిరకాలముగ వాదించుచున్నారు. అది యెట్లున్నను, బిడ్డ భవిష్యత్తును సత్యము గాని పత్రముమీద నిలుపరాదు. అట్టి స్థానము చేరిన పిమ్మటనైనను రద్దు కావచ్చును; అప్పటికి పోయిన యేండ్లు తిరిగి రావు. మఱియు కేంద్ర కౌన్సెలింగునకు ఓ.బి.సి. పత్రము కేంద్రము నిర్ణయించిన నమూనాలో వేఱుగ తీసికొనవలెను. ఆర్థికముగ వెనుకబడినవారి పత్రము ఏ సంవత్సరమునకు ఆ సంవత్సరము క్రొత్తది కావలెను. ఈ పనులు ఫలితములు వచ్చిన పిమ్మట మొదలుపెట్టక, వేసవికి ముందే ముగించుకొనుట వివేకము.

ఇక మూడవది, కోరికల వరుస. ఆప్షన్లు అని పిలువబడు ఈ పట్టికయందే ఎక్కువమంది పొరబడుదురు. "మనకు రాని కాలేజీ పేరు పైన రాస్తే, వచ్చేది కూడా పోతుంది" అని బంధువులు చెప్పుదురు. ఇది సరికాదు. పంపకము జరుగు తీరు తెలిసినచో ఈ భయము తొలగును.

యంత్రము విద్యార్థులను ర్యాంకుల వరుసను ఒకరి తరువాత నొకరిని తీసికొనును. ఒక్కొక్కరి పట్టికను పైనుండి క్రిందికి చదువును. వారి వర్గమునకు ఖాళీయున్న మొదటి కళాశాలను వారికిచ్చి, తరువాతివారి యొద్దకు పోవును. ఒక దృష్టాంతము చూడుడు. ఒక వర్గమునకు గుంటూరు, విజయవాడ, ఏలూరు కళాశాలలలో ఒక్కొక్క స్థానము మిగిలియున్న దనుకొందము. ముగ్గురు పిల్లలు వరుసగ నున్నారు. ముగ్గురి మనసులోను గుంటూరు మొదటిది, విజయవాడ రెండవది, ఏలూరు మూడవది. మొదటి పిల్లవాడు మనసులోని వరుసనే వ్రాసెను. వానికి గుంటూరు వచ్చెను. రెండవ పిల్ల, "నాకు ఏలూరే వచ్చునేమో" యని భయపడి ఏలూరును మొదట వ్రాసెను. యంత్రము ఆమె కోరినదే యిచ్చెను. మూడవవాడు తన మనసులోని వరుసను దాచక వ్రాసెను. గుంటూరు నిండియుండెను, విజయవాడ ఖాళీగ నుండెను, అది వానికి వచ్చెను. తక్కువ ర్యాంకువానికి విజయవాడ దొరకగా, ఎక్కువ ర్యాంకుగల పిల్ల దానిని తన చేతులారా వదులుకొనినది. ఆమెకు అన్యాయము చేసినవారు లేరు, భయమే చేసినది.

కావున నియమము సులభము. బిడ్డ నిజముగ కోరునది మొదట, తరువాత కోరునది తరువాత వ్రాయవలెను. వచ్చునో రాదో యను చింత పట్టికలోనికి రానీయరాదు. కాని చేరుటకు ఇష్టము లేనిదానిని, రుసుము కట్టలేనిదానిని పట్టికలో నెంత క్రిందనైనను వ్రాయరాదు. ఏలయన, అదియు వచ్చినచో వచ్చినట్లే. వ్రాయుటకు ముందు తండ్రియు, తల్లియు, బిడ్డయు ఒకచోట కూర్చుండి కాగితముమీద వరుస వేసికొనవలెను. ఇంటర్నెట్టు కేంద్రమున కూర్చున్న అపరిచితునికి రహస్యసంకేతమును అప్పగించి ఇంటికి రారాదు. భద్రము చేసిన పట్టిక ప్రతిని అచ్చువేయించి దాచుకొనవలెను.

కౌన్సెలింగు పలు విడతలుగ జరుగును. కేంద్ర కౌన్సెలింగులో మొదటి విడతయందు వచ్చిన స్థానమున చేరకున్నను నష్టము లేదు. రెండవ విడతలో చేరకున్న ధరావతు పోవును. తుదివిడతలలో నియమములు ఇంకను కఠినములు. స్థానము వచ్చియు చేరనివారికి మఱుసటి యేటి పరీక్షకే నిషేధము రావచ్చును. అందుచేత ఒకచోట చేరినవారు రెండవ ద్వారమున ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో ఆ సంవత్సరపు ప్రకటనను స్వయముగ చదివి తెలిసికొనవలెను. పోయిన యేటి పొరుగువాని యనుభవము ఈ యేటికి ప్రమాణము కాదు.

ధనమును గుఱించి దాపరికము లేక చెప్పుదుము. ప్రైవేటు కళాశాలలలో నూటికి 50 ఎ-వర్గము, 35 బి-వర్గము, 15 ప్రవాసుల వర్గము. 2020లో ప్రభుత్వము ఎ-వర్గమునకు ఏటికి 15 వేల రూపాయలు, బి-వర్గమునకు 12 లక్షలు నిర్ణయించెను. 2023లో ప్రారంభమైన క్రొత్త ప్రభుత్వకళాశాలలలోను కొన్ని స్థానములు ఏటికి 12 లక్షల చొప్పున నిర్ణయింపబడినవి. ఎక్కువ ర్యాంకువాని పట్టికలో ఒక వర్గపు అక్షరము మాఱినంతమాత్రముననే నాలుగున్నర యేండ్ల ఖర్చు యెంత మాఱునో తలిదండ్రులు లెక్కించుకొందురు గాక.

ఈ యంతరమును చూచియే దళారులు ఇండ్లకు వచ్చుచున్నారు. "మా మనిషి లోపల ఉన్నాడు, అడ్వాన్సు ఇవ్వండి" అని చెప్పువానిని గుమ్మము దాటనీయకుడు. ర్యాంకు లేనివానికి స్థానమిప్పించు లోపలి మనిషి యెవ్వడును లేడు. 2024లో కొన్నిచోట్ల ప్రశ్నపత్రము ముందే బయటపడి దేశమెంత కలత చెందెనో యెఱుగుదుము. ఆ కలతలో నిజాయితీగ చదివిన లక్షలమంది పిల్లలు నెలల తరబడి నలిగిరి. క్రైస్తవకుటుంబములలో మఱియొక యపోహయు కలదు: సంఘపు సిఫారసు పత్రమున్నచో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో చేరవచ్చునని. సిఫారసున కచ్చట విలువ యున్నను, నీట్ పరీక్ష మైనారిటీ సంస్థలకును వర్తించునని సర్వోన్నతన్యాయస్థానము 2020లో తీర్పు చెప్పెను. కావున పాదిరిగారి ఉత్తరము చదువునకు బదులు కాజాలదు.

కడపట విద్యార్థులతో ఒక మాట. ఇరువదిరెండు లక్షలమంది వ్రాయు పరీక్షలో లక్షమందికి మాత్రమే చోటున్నప్పుడు, తక్కినవారందఱును తెలివిలేనివారని లెక్క చెప్పదు. ఈ సంగతి గ్రహింపక ప్రాణములు తీసికొనుచున్న పిల్లల వార్తలు పత్రికలలో చదువుచున్నాము. అట్టి దినమున మాకు పాఠము చెప్ప నోరాడదు. తలిదండ్రులారా, ఫలితము వచ్చిన సాయంకాలమున మార్కులడుగుటకు ముందు అన్నము తింటివా యని యడుగుడు. మఱల వ్రాయుటకు గడువెన్ని యేండ్లో ముందే, ప్రేమతో, బిడ్డతో కూడ మాటాడి నిర్ణయించుకొనుడు.

త్రోవలు పెక్కు గలవు. దంతవైద్యము, ఆయుర్వేదము, హోమియో, నర్సింగు, ఔషధశాస్త్రము రోగికి దూరమైనవి కావు. మొక్కల జబ్బులకును వైద్యులు కావలెను. మన నూజివీడులోనే మామిడి పరిశోధనస్థానము కలదు. మా పూర్వవిద్యార్థిని యొకతె మూడుమారులు నీట్ వ్రాసి, స్థానము రాక, నర్సింగు చదివెను. మొన్న మా యింట జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో రాత్రియంతయు మంచముప్రక్క నిలిచి సెలైను చూచుకొనినది ఆమెయే. "పడుకోండి మాస్టారూ, నేనున్నాను" అనెను. పరీక్షకై ఆమె పడిన శ్రమ వృథాయైనదని ఆ రాత్రి మాకు తోచలేదు.

డాక్టరు కాగోరు పిల్లలు శ్రద్ధగ చదువుదురు గాక. పెద్దలు పత్రములను సత్యముగను, సకాలమునను సిద్ధము చేయుదురు గాక. మా వంతున, ఆఱవ తరగతిలో మీ బిడ్డ పేరు వ్రాయు దినముననే అక్షరమును సరిచూచి వ్రాయుదుమని మాట యిచ్చుచున్నాము.